ఆకులోని మడవ



కిందటి వానాకాలం పంట చివర్లో, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక గ్రామంలో జుమా ప్రసంగం చేయడానికి వెళ్ళాము. నమాజు ముగిశాక జనం సలాములు చెప్పుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన మాత్రం వజూ చేసుకునే అరుగు పక్కన కూర్చుండిపోయారు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో వరి ఆకులు. కొసల నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా ఎండి, గడ్డి రంగుకు తిరిగిన ఆకులు.

“హజ్రత్, రెండెకరాల బీపీటీ ఇలా అయిపోయింది. ఏమైనా చదివి నీళ్ళు ఊది ఇవ్వండి, పొలంలో చల్లుతాను. వీలైతే నాలుగు మూలలా కట్టడానికి తావీజులు కూడా” అన్నారు.

దుఆ తప్పకుండా చేస్తామని చెప్పి, ఏం జరిగిందని అడిగాము. ఆయన కాసేపు తటపటాయించి అసలు మాట బయటపెట్టారు. పై మడి ఆయన చిన్నాన్న కొడుకుది, వరుసకు తమ్ముడు. ఒకరోజు ఆ తమ్ముడు గట్టు మీద నిలబడి, “ఏం పెరిగింది భాయీ నీ పొలం, ఊరంతటిలో ఇలాంటి పైరు లేదు” అన్నాడట. మూడు వారాలు తిరగకుండానే ఆకు ఎండడం మొదలైంది. “నజర్ కొట్టాడు హజ్రత్. ఆ రోజు నుంచి వాడికి సలాం కూడా చెప్పడం లేదు. బక్రీదుకు మాంసం పంపితే తిప్పి పంపేశాము” అన్నారు.

సోదరులారా! రెండెకరాల పంట పోవడం చిన్న నష్టం కాదు. ఆ కష్టం మాకు అర్థమైంది. కాని ఆయన మాటల్లో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది పంట సంగతి కాదు, తిప్పి పంపిన ఆ మాంసం. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాట్లాడకుండా ఉండటం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) స్పష్టంగా ఉపదేశించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఆ హదీసు ఉంది. ఇక్కడ మూడు రోజులు కాదు, నెలలు గడిచిపోయాయి.

వ్యవసాయం చదువుకున్న మిత్రుడు ఒకరు ఆ రోజు మాతోనే వచ్చారు. ఆయన ఆ ఆకుల్ని చూసి, మసీదులో నుంచి ఒక గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు తెప్పించారు. ఒక ఆకును ఎండిన చోటికీ పచ్చగా ఉన్న చోటికీ మధ్య కత్తిరించి, కోసిన అంచును నీళ్ళలో ముంచి పట్టుకోమన్నారు. కొద్ది నిమిషాల్లో ఆ అంచు నుంచి సన్నని పాలదారం లాంటిది నీళ్ళలోకి దిగసాగింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. “ఇది ఏమిటి?” అన్నారు. “ఇవే మీ పంట తిన్నవి” అన్నారు మా మిత్రుడు. లక్షలాది సూక్ష్మజీవులు. రైతులు బాక్టీరియా ఎండాకు తెగులు అనేది దీన్నే. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంత రైతులు 1884లోనే దీన్ని గుర్తించారు. మన దేశంలో 1963లో బీహార్‌లో ఇది పెద్ద ఎత్తున పంటను నాశనం చేసింది.

ఆ సాయంత్రం మా మిత్రుడు చెప్పిన వివరం విన్నాక, మేము కొన్నాళ్ళు దాని గురించి చదివాము, తెలిసినవారిని అడిగాము. మదరసాలో మాకు ఈ చదువు చెప్పలేదు. కాని వరి అన్నం తినే ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసిన సంగతి ఇది. అందుకే ఈ నెల ఈ పుటల్లో మీ ముందుంచుతున్నాము.

ఆకు ఎండను, గాలిని, నీటిని తీసుకుని చక్కెర తయారుచేస్తుందని పిల్లలు బడిలోనే చదువుకుంటారు. అయితే తయారైన చక్కెర ఆకులోనే ఉండిపోతే ఏం లాభం? వేరు చీకట్లో ఉంటుంది, సొంతంగా వండుకోలేదు. కంకిలోని గింజకు కూడా ఆకు నుంచి అందవలసిందే. కనుక ఆకు కణాల గోడల్లో చక్కెర బయటికి వెళ్ళే దారులు ఉన్నాయి. మన రైతు భాషలో చెప్పాలంటే మడవలు. గట్టుకు మడవ తీస్తే పై మడిలోని నీరు కింది మడికి పారినట్లు, ఈ దారి తెరుచుకుంటే ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి చక్కెర జారుతుంది. ఈ మడవలకు శాస్త్రజ్ఞులు ‘స్వీట్’ అని పేరు పెట్టారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న కార్నెగీ సంస్థ పరిశోధకులు 2010లో వీటిని లోకానికి తెలియజేశారు. వరిలో ఇలాంటివి 21 ఉన్నాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 17 ఉన్నాయి. (ఇది ఆహారపు పంట కాదు. పరిశోధనశాలల్లో మాత్రం దానికి ఉన్నంత మర్యాద మరే మొక్కకూ లేదు!)

మడవ ఒక్కటే సరిపోదు. ఆకు నుంచి బయటికి వచ్చిన చక్కెరను మొక్కంతటా తిప్పే రసనాళాల్లోకి ఎక్కించాలి. అక్కడ అప్పటికే చక్కెర దట్టంగా ఉంటుంది. పల్లం నుంచి మెరకకు నీరు తోడినట్లు శక్తి ఖర్చుపెట్టి తోడాలి. ఆ పని చేసే మోటార్లు వేరే ఉన్నాయి. అలాంటి మోటారు తాలూకు జన్యువును మొదట 1992లో పాలకూర నుంచి వేరుచేశారు. ఇంటి పెరట్లోని పాలకూర ఆకులో ఇంత ఏర్పాటు ఉందని మనలో ఎవరు అనుకున్నాం!

అరబిడాప్సిస్‌లో రెండు ముఖ్యమైన మడవల్ని శాస్త్రజ్ఞులు పనిచేయకుండా చేసి చూశారు. ఆ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆకుల్లో చక్కెర, పిండిపదార్థం పేరుకుపోయాయి. అంత సంపద ఉండి కూడా మొక్క మాత్రం ఎదగక గిడసబారిపోయింది. మొక్కజొన్న ఆకు కణాల మీద 1990లో జరిగిన మరో పరిశోధనలో తేలింది ఏమిటంటే, చక్కెర మితిమీరి చేరితే చక్కెర తయారుచేసే యంత్రాంగానికి చెందిన జన్యువులే మూతపడతాయి. అంటే పంచకుండా దాచుకున్న ఆకు కొంతకాలానికి సంపాదించడమే మానేస్తుందన్నమాట. జకాత్ గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. ఇంత చక్కటి ఉదాహరణ మాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఎంత చక్కెర ఉంది, ఎప్పుడు మడవ తీయాలి, ఎప్పుడు కట్టాలి అనేది మొక్కకు ఎలా తెలుస్తుంది? దానికి నాలుక లేదు, కన్ను లేదు, మెదడు లేదు.

చక్కెరదుంప ఆకు మీద 1998లో అమెరికాలో చేసిన ఒక పరీక్ష చూడండి. ఆకును కోసి, కాడ ద్వారా దానికి పంచదార నీళ్ళు తాగించారు. మనం వంటింట్లో వాడే పంచదారే, శాస్త్ర భాషలో సుక్రోజ్. ఆకులో చక్కెర పెరిగేసరికి, చక్కెర తోడే మోటార్ల పని బాగా తగ్గిపోయింది. ఆ మోటారు జన్యువు నుంచి వెలువడే ఆదేశాలు కూడా తగ్గాయి. గ్లూకోజ్ తాగిస్తే అలా జరగలేదు. పంచదార నీళ్ళు ఆపితే మోటార్లు మళ్ళీ యథాస్థితికి వచ్చాయి. దీని అర్థం ఏమిటి? పంచదార మొక్కకు ఆహారం మాత్రమే కాదు, కబురు కూడా. కింద గింజలు తీసుకోవడం తగ్గిస్తే చక్కెర రసనాళాల్లో నిలిచి, ‘ఇక చాలు’ అన్న కబురు పైన ఆకుకు చేరుతుంది.

గ్లూకోజ్‌ను కనిపెట్టే ఏర్పాటు వేరే ఉంది. హెక్సోకైనేజ్ అనే ఒక ఎంజైమ్ ఉంది. దాని రోజువారీ పని గ్లూకోజ్‌ను వాడకానికి సిద్ధం చేయడం. బోస్టన్‌లోని ఒక పరిశోధనశాల 2003లో దీని గురించి ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించింది. ఆ ఎంజైమ్‌ను స్వల్పంగా మార్చి, తన రోజువారీ పని చేయలేని స్థితికి తెచ్చారు. అయినా గ్లూకోజ్ ఎంత ఉందో అది మొక్కకు తెలియజేస్తూనే ఉంది! మార్కెట్ యార్డులో బస్తాలు మోసే మనిషే లెక్క కూడా చెబుతున్నాడనుకోండి. నడుం పట్టేసి మోయలేకపోయినా, కూర్చున్న చోటి నుంచే బస్తాల లెక్క తప్పు లేకుండా చెప్పినట్లుంది ఇది. సుక్రోజ్ నిల్వ ఎంత ఉందో తెలిపే ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే మరో పదార్థం ఉంది. కణంలో అది ఉండేది చాలా స్వల్పం, దాని ప్రభావం మాత్రం పెద్దది. దాని వివరాల్లోకి మేము వెళ్ళడం లేదు.

మన ఇళ్ళలో కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాము. నారు పోసే ముందు వడ్లు నానబెట్టి మండె కడతాము. మొలకెత్తిన గింజను నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. మొలక తనకు చక్కెర కరువైందని గ్రహించగానే, పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్ జన్యువును తెరుస్తుంది. చక్కెర చాలినంత ఉంటే ఆ జన్యువును మూసి ఉంచుతుంది. గోధుమ గింజను గాలి అందని నీళ్ళలో ముంచితే ఈ పని చేయలేక చచ్చిపోతుంది. వరి గింజ చేయగలదు. వరిని నీళ్ళలో పండించగలుగుతున్నామంటే అందుకు ఇదీ ఒక కారణం.

ఇక రాత్రి సంగతి. పగలు ఆకు కొంత పిండిపదార్థం దాచుకుని, రాత్రంతా దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. తెల్లవారేసరికి నిల్వ దాదాపు పూర్తవుతుంది, మధ్యలో అయిపోదు. అరబిడాప్సిస్ మొక్కలకు ఒకరోజు ఉన్నట్టుండి కొన్ని గంటల ముందే చీకటి చేసి చూశారు. ఆ పరిశోధన 2010లో వచ్చింది. ఆ రాత్రి మొక్కలు వాడకం వేగాన్ని తగ్గించుకుని, ఉన్నదాన్నే తెల్లవారే వరకు సర్దుకున్నాయి. రమజాన్‌లో సహరీలో తిన్న నాలుగు ముద్దలతో ఇఫ్తార్ వరకు లాక్కొచ్చే మనకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. మనలో కొందరు సహరీలో రెండు పూటలది తిని, ఇఫ్తార్‌లో మూడు పూటలది తినడం వేరే విషయం.

దివ్య ఖుర్ఆన్‌లోని సూరా హిజ్ర్ 19వ ఆయత్‌లో, నేల నుంచి మొలిచేవాటి ప్రస్తావనలో తూకానికి సంబంధించిన ‘మౌజూన్’ అనే పదం వచ్చింది. మదరసాలో ఆ పదం చదివినప్పుడు ధాన్యాన్ని కాటా మీద తూచడమే మాకు గుర్తుకొచ్చేది. ఇప్పుడు ఆ పదం దగ్గర ఇంకాస్త ఆగుతున్నాము. అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేము. జన్యువుల సంగతి, చక్కెర రవాణా సంగతి ఖుర్ఆన్‌లో ముందే రాసి ఉందని మేము అనడం లేదు. ఏ కొత్త విషయం కనుగొన్నా ‘ఇది మా గ్రంథంలో ఉంది’ అని ఎగిరి గంతేసే అలవాటు మన ప్రసంగాల్లో బాగా పెరిగింది. శాస్త్రజ్ఞులు రేపు తమ మాట సవరించుకుంటే అప్పుడేం చేస్తాము? ఖుర్ఆన్ మార్గదర్శక గ్రంథం. సృష్టిని చూడమని, ఆలోచించమని అది మనకు ఆజ్ఞాపిస్తుంది. చూసే శ్రమ మాత్రం మనమే పడాలి. ఈ విషయంలో ఆ శ్రమ ఎక్కువగా ఇతరులే పడ్డారని ఒప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు, బాధ ఉంది.

ఇప్పుడు గ్లాసులోని పాలదారం దగ్గరికి వద్దాం.

ఈ బాక్టీరియా వరి ఆకు అంచున ఉండే సూక్ష్మ రంధ్రాల ద్వారా గాని, గాలివానకు చీలిన చోట్ల నుంచి గాని లోపలికి వెళ్ళి, ఆకులోని నీటి నాళాల్లో కాపురం పెడుతుంది. అక్కడ నీరుంది గాని తిండి తక్కువ. చక్కెర పక్కనున్న కణాల్లో ఉంది. గోడ అడ్డం. అప్పుడు అది ఏం చేస్తుందో వినండి. గోడను పగలగొట్టదు. సూది లాంటి సాధనంతో ఒక ప్రొటీన్‌ను కణంలోకి పంపుతుంది. ఆ ప్రొటీన్ నేరుగా కణకేంద్రంలోకి వెళ్ళి, చక్కెర మడవ తాలూకు జన్యువు ముందు భాగాన్ని వెతికి పట్టుకుని అక్కడ అంటుకుంటుంది. మునుపు ఊళ్ళలో చెరువు నీరు వదిలే నీరటి ఉండేవాడు. పెద్దల మాట లేనిదే తూము ఎత్తేవాడు కాదు. ఎవరో పెద్దల పేరు మీద దొంగచీటీ రాసి పంపితే నీరటి ఏం చేస్తాడు? నిజమేననుకుని తూము ఎత్తేస్తాడు. ఇక్కడ జరిగేదీ అదే. అవసరం లేని చోట, అవసరం లేని వేళ ఆకు తన మడవలను తానే తెరుస్తుంది. చక్కెర బయటికి జారుతుంది, దొంగ తింటాడు. పెద్దాయన పొలంలో మూడు వారాలు జరిగింది ఇదే.

ఈ రహస్యం 2006లో కొంత బయటపడింది. చైనాలోని వుహాన్‌లో ఒక బృందం, అమెరికాలోని కాన్సాస్‌లో మరో బృందం ఈ తెగులు వరిలోని ఏ జన్యువును తెరిపిస్తున్నదో కనుగొన్నాయి. ఆ జన్యువు అసలు పని చక్కెరకు దారి ఇవ్వడమని 2010లో తేలింది. దాని పేరు స్వీట్11.

అలాంటప్పుడు ఆ మడవను శాశ్వతంగా పూడ్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. శాస్త్రజ్ఞులు ఆ పనీ చేసి చూశారు. తెగులు తగ్గింది, కాని పుప్పొడి చెడి తాలు గింజలు వచ్చాయి. ఈ మడవను పూర్తిగా పనిచేయకుండా చేసిన మొక్కల్లో గింజ సరిగా నిండలేదు. ఎందుకంటే దొంగ వాడుకుంటున్న ఆ మడవ ద్వారానే గింజకు చక్కెర అందుతోంది. తెరిచి ఉంచితే దొంగపాలు, పూడిస్తే బిడ్డ పస్తు. సూరా బనీ ఇస్రాయీల్ 29వ ఆయత్‌లో అల్లాహ్ పిసినారితనాన్నీ వారించాడు, ఉన్నదంతా ఊడ్చిపెట్టడాన్నీ వారించాడు. ఆ రెండింటి మధ్య దారి ఎంత సన్ననిదో ఈ వరి ఆకును చూస్తే తెలుస్తుంది.

మరి పరిష్కారం ఎక్కడ దొరికింది? వరిలోనే. బీజే1 అనే పాత భారతీయ వరి రకం ఈ తెగులును తట్టుకుంటుందని పరిశోధకులకు ముందే తెలుసు. ఎందుకు తట్టుకుంటుందో తర్వాత తెలిసింది. దానిలో మడవ మామూలుగానే ఉంది. గింజకు చక్కెర అందించే పని చక్కగా చేస్తుంది. కాని జన్యువు ముందు భాగంలో, దొంగచీటీ అంటుకునే చోట స్వల్పమైన మార్పు ఉంది. చీటీ అంటుకోదు. మొక్క తన సొంత అవసరానికి ఇచ్చే ఆదేశం మాత్రం యథావిధిగా పనిచేస్తుంది. దీనికి ఎక్స్ఏ13 అని పేరు.

ఇది మన ఊళ్ళ సంగతి కూడా. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన వలీమాల్లో, దావతుల్లో వండే సన్నబియ్యం. రుచిలో దానికి సాటి లేదు. ఎండాకు తెగులును మాత్రం అది అసలు తట్టుకోలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఎన్నో ఏళ్ళు శ్రమించి, ఈ ఎక్స్ఏ13తో పాటు మరో రెండు నిరోధక జన్యువులను సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. వాటిలో ఎక్స్ఏ21 ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చింది. అది దొంగను గుమ్మంలోనే గుర్తుపట్టే కాపలాదారు. మూడోది ఎక్స్ఏ5. అది చీటీని చదివే యంత్రంలోనే చిన్న మార్పు. ఒక్కటే పెట్టకుండా మూడు ఎందుకు? ఎందుకంటే దొంగలందరి దగ్గరా ఒకే చీటీ ఉండదు. స్వీట్13, స్వీట్14 అనే ఇతర మడవలను తెరిపించే చీటీలు ఉన్న బాక్టీరియాలూ ఉన్నాయి. అలా తయారైన ‘మెరుగుపరచిన సాంబ మసూరి’ 2008లో రైతులకు విడుదలైంది. ఇది హైబ్రిడ్ కాదు, రైతు తన విత్తనం తానే కట్టుకోవచ్చు. ఈ బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ కూడా తక్కువని, దాదాపు 51 అని చెబుతారు. అంటే అన్నం తిన్నాక రక్తంలో చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుందన్నమాట. మన ఇళ్ళలో షుగరు లేని పెద్దలు ఇప్పుడు ఎంతమంది? అలాగని డాక్టరు చెప్పిన కొలత దాటి తినమని మా ఉద్దేశం కాదు.

ఈ విషయాలు చెబుతున్నప్పుడు మసీదు అరుగు మీద మరో ఇద్దరు ముగ్గురు చేరారు. ఒక యువకుడు అడిగాడు: “హజ్రత్, అల్లాహ్ సృష్టిని మార్చడం షైతాను పని అని ఖుర్ఆన్‌లో ఉంది కదా. ఇలాంటి విత్తనం వాడవచ్చునా?” మంచి ప్రశ్న. అతను ప్రస్తావించినది సూరా నిసా 119వ ఆయత్. అక్కడ సందర్భం చూడాలి. మిథ్యా దైవాల పేరిట పశువుల చెవులు కోసే మూఢాచారం ఆ ఆయత్‌లోనే ప్రస్తావించబడింది. ఒక వరిలోని మేలైన గుణాన్ని మరో వరిలోకి సంకరం ద్వారా తేవడం దాని కిందికి రాదని మా అభిప్రాయం. మదీనా ప్రజలు ఖర్జూరపు చెట్లకు చేతితో పరాగ సంపర్కం చేసేవారు. దైవప్రవక్త (సఅసం) అది చూసి, దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాము అనుకోవడం లేదన్నారు. వారు ఆ పని మానేశారు. దిగుబడి తగ్గింది. ఆ సంగతి తెలిసి ఆయన, ప్రాపంచిక విషయాలు మీకే బాగా తెలుసునన్న భావం వచ్చేలా సెలవిచ్చారు. సహీహ్ ముస్లింలో ఈ ఉదంతం ఉంది. ఇంతకంటే స్పష్టమైన అనుమతి ఏం కావాలి?

ఐఆర్64 వంటి వరి రకాల్లో స్వీట్ జన్యువుల ముందు భాగాలను నేరుగా సవరించి, అనేక రకాల ‘చీటీలు’ అంటుకోకుండా చేసిన పరిశోధన 2019లో వచ్చింది. అలాంటి విత్తనాల విషయంలో ఉలమాలు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చుని ఆలోచించాలి. హాని ఉందా, ప్రయోజనం ఎంత, విత్తనం ఎవరి గుప్పిట్లో ఉంటుంది అనేవి చూడాలి. పేరు వినగానే హరామ్ అనడం, పేరు వినగానే అద్భుతమనడం రెండూ తొందరపాటే.

పెద్దాయన అంతవరకు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “అయితే ఇదంతా తఖ్దీర్ కాదా హజ్రత్?” అన్నారు. తఖ్దీరే. కాని ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) ఒక వ్యక్తికి ఉపదేశించిన సంగతి తిర్మిజీలో ఉంది. వ్యాధిని పంపిన ప్రభువు దానికి మందు కూడా పంపాడని మరో హదీసులో ఉంది. ఈ తెగులు ముదిరాక దాన్ని తగ్గించే నమ్మకమైన పురుగుమందు లేదు. ముందుగా చేయవలసినవే ఉన్నాయి. యూరియా మితంగా వేయాలి. పైరు నల్లగా కనబడాలని బస్తా మీద బస్తా చల్లితే దొంగను పిలిచి పీట వేసినట్లే. నాటు వేసేటప్పుడు నారు కొసలు తుంచకూడదు. తెగులు ఉన్న మడి నీరు మరో మడికి వదలకూడదు. తట్టుకునే విత్తనం వేయాలి. తావీజుల మీద ఉలమాల చర్చ పెద్దది, దాని జోలికి మేమిక్కడ పోము. గట్టుకు కట్టిన కాగితం యూరియా మోతాదును తగ్గించదని మాత్రం చెప్పగలము.

నజర్ సంగతి కూడా చెప్పాలి. నజర్ సత్యమని సహీహ్ హదీసుల్లో ఉంది. మేము దాన్ని కాదనము. ఎదుటివారి మేలు చూసినప్పుడు బరకత్ కోసం దుఆ చేయమని మనకు నేర్పబడింది. కాని పొలం ఎండితే ఫలానా వాడి కన్నే కారణమని ఒక మనిషిని వేలెత్తి చూపడానికి మన దగ్గర ఏ ఆధారం ఉంది? అనుమానాల్లో అధికభాగానికి దూరంగా ఉండమని సూరా హుజురాత్ 12వ ఆయత్ మనల్ని హెచ్చరిస్తున్నది. గ్లాసులోని పాలదారం కళ్ళెదుట ఉంది. గట్టు మీది మెచ్చుకోలు మాట మీద నేరం మోపి, చిన్నాన్న కొడుకుతో బంధుత్వం తెంచుకున్నారు. రేపు ప్రభువు ఎదుట ఆయన దేన్ని సాక్ష్యంగా చూపిస్తారు? ఇదే మాట ఆయనతో కాస్త మెత్తగా అన్నాము.

“పై మడి ఎలా ఉంది చాచా?” అని మా మిత్రుడు అడిగారు. పెద్దాయన సమాధానం చెప్పలేదు. పక్కనున్న యువకుడు అందుకున్నాడు. “అది కూడా గట్టు వారగా ఎండింది. ఈయన కన్నే తగిలిందని ఆయన అంటున్నాడు” అన్నాడు. అరుగు మీది వాళ్ళంతా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. గ్లాసును చేతిలోకి తీసుకుని, అందులో తెల్లబడిన నీళ్ళను చాలాసేపు చూశారు. ఆ తర్వాత యువకుణ్ణి పిలిచి, “వెళ్ళి మీ మామను పిలువు. వాడి పొలంలో ఆకు ఒకటి తెమ్మను” అన్నారు.

రెండో ఆకు కూడా పాలదారం వదిలింది. అన్నదమ్ములిద్దరూ ఒకే గ్లాసు మీద వంగి చూస్తున్నప్పుడు మేము అస్ర్ నమాజుకు వజూ చేసుకోవడానికి లేచాము. వారు ఏం మాట్లాడుకున్నారో వినలేదు, వినడం మా పని కూడా కాదు. నమాజులో మాత్రం ఒకే సఫ్‌లో పక్కపక్కన నిలబడ్డారు.

ఈ వానాకాలం ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. ఇద్దరూ కలిసి మెరుగుపరచిన సాంబ మసూరి విత్తనం తెచ్చి, ఒకే నారుమడి పోశారట. నీళ్ళ విషయంలో మాత్రం ఇంకా తేలలేదట. రెండు మడుల మధ్య మడవ ముందు ఎవరు కట్టాలని గట్టు మీద రోజూ వాదించుకుంటున్నారట.